నవ్వు – చేతిపని – ఆత్మాంగీకారము

(మన సంఘము సంక్రాంతి ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మీ యెదుట నిలిచి ప్రసంగించు యోగ్యత నాకెట్లు కలిగినదో నాకే తెలియదు. పదిహేను దినముల క్రిందట మన కార్యదర్శి గారు మా యింటికి దయచేసి, "ఈసారి చేతిపనుల ప్రదర్శన పెట్టుచున్నాము, ముగ్గుల పోటీ కలదు, హాస్య నాటిక కలదు. ఈ మూటిని కలిపి మీరొక అరగంట మాటాడవలెను" అని ఆజ్ఞాపించిరి. నేను, మా కార్యాలయపు అలవాటు చొప్పున, "పరిశీలించెదను" అంటిని. సచివాలయమున ఆ మాటకు "చేయను" అని అర్థము. అధ్యాపక వృత్తి నుండి వచ్చిన మన కార్యదర్శి గారికి మాత్రము దానికి "చేసెదను" అను అర్థమే స్ఫురించినది. కావున ఈ సాయంకాలము మీకు కలుగబోవు కష్టమునకు బాధ్యత నా మాటది కాదు, వారి నిఘంటువుది.

నవ్వుట, చేతితో ఏదైన ఒక వస్తువును చేయుట, తన్ను తాను ఉన్నది ఉన్నట్లుగా ఒప్పుకొనుట అను మూడు సంగతులను గూర్చి నేడు మాటాడదలచితిని. మొదట ఇవి మూడు వేరువేరు విషయములని తలచి, మూడు కాగితములపై మూడు శీర్షికలు వ్రాసికొంటిని. ఆలోచించిన కొలది మూడును ఒక్క కాగితములోనికే వచ్చి చేరినవి. ఏలనో మనవి చేసెదను.

ముందు నవ్వు సంగతి. మన పెద్దలు నవ్వును తేలికగా చూచినవారు కారు. భరతుడు నాట్యశాస్త్రమున హాస్యమునకు రసస్థానము నొసగి, దానిని రెండు విధములుగా విభజించెను. తాను నవ్విన ఆత్మస్థము, పరులను నవ్వించిన పరస్థము. అంతటితో విడువక, స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆరు మెట్లుగా పేర్చెను. పండ్లు కనబడకుండ చెక్కిళ్ళు కొంచెము వికసించునది మొదటి మెట్టు. కన్నీరు కారి, ప్రక్కలు పట్టుకొని, ఒడలు తెలియక నవ్వునది కడపటి మెట్టు. మొదటి రెండు ఉత్తములవి, నడిమి రెండు మధ్యములవి, చివరి రెండు అధములవి అని నిర్ణయము. మా విభాగమున భోజన విరామ సమయమున వినవచ్చు నవ్వులను బట్టి చూచినచో మేమందరము ఏ తరగతి వారమో భరతుడు ముందే వ్రాసి పెట్టినాడు. తరగతుల విభజన ప్రభుత్వము కనిపెట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

ఆత్మస్థము, పరస్థము అను ఆ రెండు మాటలను మీరు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. శాస్త్రకారుని నిర్వచనము నేను చెప్పినదే. కాని ఆ మాటలను నా స్వంత బుద్ధితో కొంచెము సాగదీసి, తన్ను చూచి తాను నవ్వుకొనుట, పరులను చూచి నవ్వుట అను అర్థమున కూడ వాడుకొందును. పండితులు క్షమింతురు గాక.

మన తెలుగువారికి తన్ను చూచి నవ్వుకొను విద్య క్రొత్తది కాదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి "బారిష్టర్ పార్వతీశం" నెరుగని తెలుగువాడు ఉండడు. మొగలితుర్రు కుఱ్ఱవాడు బారిష్టరు కావలెనని సీమకు బయలుదేరి, దారి పొడుగున చేయని పొరపాటు లేదు. దొరసానులు ధరించు టోపీని మగవారి టోపీ అనుకొని కొని నెత్తిన పెట్టుకొనును. చూచినవారందరు నవ్వుదురు. ఆ కథను చెప్పువాడు పార్వతీశమే యగుట చేత మనము అతని వైపున నిలిచి, అతనితో కూడ నవ్వుదుము. మరియొకడు చెప్పిన అది వెక్కిరింత అయి యుండెడిది. తానే చెప్పుకొనుట వలన అది స్నేహ మయ్యెను. సొంత ఊరు విడిచి దూరదేశమునకు ఉద్యోగార్థము వచ్చిన మనమందరము కొంచెము కొంచెము పార్వతీశములమే కదా!

చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులు గారిని స్మరింతము. 1867లో జన్మించి 1946లో కీర్తిశేషులైన ఆ మహనీయునకు చిన్ననాటి నుండియు చూపు మందము. పిదప అది పూర్తిగా పోయినది. అప్పుడు చెప్పి వ్రాయించిరి. అట్టివారి నోటినుండి దుఃఖమే వెలువడిన యెడల మనము తప్పు పట్టుదుమా? అయినను తెలుగువారు తరతరములుగా కడుపుబ్బ నవ్వుకొను ప్రహసనములను, "గణపతి" వంటి నవలను ఇచ్చినవారు వారే. తనకు లేనిదానిని తలచుకొని కూర్చుండక, ఉన్నదానితో నలుగురిని నవ్వించిన ఆ నిబ్బరమునే నేను ఆత్మాంగీకార మందును.

ఇక చేతిపని. ఈ మాట వచ్చుసరికి నా చేతి సంగతి చెప్పక తప్పదు. సభలో ముందు వరుసలోని వారు గమనించియే యుందురు. నేను ఈ కాగితములను ఎడమచేతితో పట్టుకొని, ఎడమచేతితోనే త్రిప్పుచున్నాను. నేను పుట్టుకతో పుర్రచేతివాడను. లోకమున నూటికి ఇంచుమించు పదిమంది ఇట్టివారు కలరని చెప్పుదురు. చిన్నతనమున ఆ పదిమందిలో మా కృష్ణా జిల్లా పల్లెలో నేనొక్కడనే ఉన్నట్లు నాకు తోచెడిది.

మన యిండ్లలో ఎడమచేయి ఎంత నింద మోసినదో మీకు తెలియును. ఎడమచేత ఇయ్యరాదు, పుచ్చుకొనరాదు, అన్నము తినరాదు. అంతవరకు శుచి విషయమని సరిపెట్టుకొనవచ్చును. కాని పలకమీద అక్షరము కూడ ఎడమచేత దిద్దరాదనిరి. ఇంట మా నాయనగారు నా ఎడమచేతిని తువ్వాలుతో నడుమునకు కట్టి కూర్చుండబెట్టిరి. వారికి నామీద ప్రేమ లేక కాదు. నలుగురు నవ్వుదురను భయము. ఆ విధముగా కుడిచేతికి వ్రాత అలవడినది. అలవడినది అన్నమాటయే గాని, కుదిరినది కాదు. నేను ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో పచ్చకాగితముపై నేను వ్రాసిన నోటును చదివిన ఒక పై అధికారి, దాని క్రింద "దయచేసి చర్చించుడు" అని వ్రాసిరి. విషయము సంక్లిష్టమై కాదు, అక్షరము తెలియక! ఇప్పుడు మా ఫైళ్ళు ఎక్కువగా కంప్యూటరు తెరమీదనే నడుచుచున్నవి. నా దస్తూరి లోపము దేశమునకు తెలియకుండ పోయినది. దానికి సంతోషింపవలెనో, చేతివ్రాత అను ఒక చేతిపనియే మన దినచర్య నుండి జారిపోయినందుకు చింతింపవలెనో తెలియదు. 1933 నుండి 2014 వరకు మన మధ్య నున్న బాపు గారి చేతివ్రాత అచ్చుపుస్తకములలో ఒక అక్షరరూపముగా నిలిచిపోయినది. వారి గీతలో నవ్వు ఉన్నట్లే వారి వ్రాతలోను నవ్వు ఉన్నది. ఒక మనుష్యుని చేయి అనునది ఆ మనుష్యుని కంఠము వంటిది. మరియొకరికి రాదు.

నా ఎడమచేతి పక్షమున నిలిచినవారు మా యింట ఒక్కరే, మా తాతగారు. వారు నన్ను పుర్రచేతివాడని ఎన్నడును అనలేదు. "ఒరే సవ్యసాచీ!" అని పిలిచెడివారు. విరాటపర్వమున అర్జునుడు ఉత్తరునకు తన పది పేర్లను వివరించు ఘట్టము మీకు తెలియును. గాండీవమును ఎడమచేతను సంధింపగలవాడు కావున సవ్యసాచి. లోకము లోపమన్నదానిని భారతము బిరుదుగా పలికినది. ఏడెనిమిదేండ్ల పిల్లవానికి ఆ ఒక్క పిలుపు ఎంత ధైర్యమిచ్చినదో ఇప్పటికిని చెప్పజాలను.

మా తాతగారే నన్నొకసారి కొండపల్లికి తీసికొనిపోయిరి. అచ్చట ఒక పనివాని వాకిట రెండు గంటలు కూర్చుంటిమి. తెల్లపొణికి కర్ర మిక్కిలి తేలికైనది. దానిని ఆరబెట్టి, చెక్కి, కాళ్ళు వేరుగా, తల వేరుగా, చేతులు వేరుగా తయారు చేయుదురు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో, దానినే వారు మక్కు అందురు, అవయవములను అతికింతురు. సున్నము పూసి, ఎండిన పిదప, మేకవెండ్రుకల సన్నని కుంచెతో రంగులు దిద్దుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు, తాటిచెట్టెక్కు గీతకార్మికుడు, బావికడ నీళ్ళు తోడు స్త్రీ, అన్నియు ఆ వాకిటనే పుట్టుచున్నవి. ఆనాడు నేను చూచిన ముఖ్యవిషయ మేమనగా, వరుసగా పెట్టిన పన్నెండు ఏనుగులలో ఏ రెండును ఒక్క తీరున లేవు. ఒకదాని తొండము కొంచెము వంకర, ఒకదాని కన్ను కొంచెము చిలిపి. పనివాడు దానికి సిగ్గుపడుట లేదు. పోగా, ఆ చిలిపికన్ను ఏనుగునే మాకు ఏరి ఇచ్చెను.

పెద్దవాడనైన పిదప అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక పనితనమును గూర్చి తెలిసికొంటిని. అచ్చట అంకుడు కర్రను మరమీద త్రిప్పుచు, లక్క కడ్డీని దానికి అదిమి పట్టుదురు. ఆ రాపిడి వేడికి లక్క కరగి కర్రను పట్టుకొనును. మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. గింజలు, బెరళ్ళు, వేళ్ళ నుండి తీసిన రంగులను ఆ బొమ్మలకు తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ్ శకటముపై ఆ బొమ్మలే కర్తవ్యపథమున నడచినవి. ఆ దినమున చలిలో నిలువబడి చూచిన మనవారు కొందరు ఈ సభలో ఉన్నారు. ఆ శకటమునకు తృతీయ బహుమతి వచ్చినది. వరాహనది ఒడ్డున పుట్టిన బొమ్మకు ఢిల్లీలో సలాము దొరికెను.

నవ్వును చేతిపనిని ఒక్క చోట చూడవలెనన్న తోలుబొమ్మలాట చూడవలెను. మేకతోలును పారదర్శకమగునట్లు శుద్ధి చేసి, రంధ్రములు పొడిచి, రంగులద్ది, వెనుక దీపము పెట్టి ఆడింతురు. రామాయణ భారత కథలు నడచుచుండగా నడుమ నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి పడుదురు. రాముడు దుఃఖించుచున్నను సరే, రావణుడు గర్జించుచున్నను సరే, కేతిగాడు తన వంకర ముక్కుతో వచ్చి ఊరివారి సంగతులు మాటాడును. అతడు అందగాడు కాడు. అందగాడు కావలెనని అతనికి కోరికయు లేదు. తెల్లవారి ఇంటికి పోవు పిల్లలకు జ్ఞాపకముండునది మాత్రము కేతిగాడే. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు గారికి ఈ కళకుగాను 2020లో పద్మశ్రీ ఇచ్చిరి. 

ఈ ఢిల్లీ నగరమునను అట్టి సంగమ మొకటి కలదు. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ గారు, 1902లో కేరళమున పుట్టి ఇచ్చట స్థిరపడినవారు, 1948లో "శంకర్స్ వీక్లీ"ని నెలకొల్పిరి. ఆ పత్రికను ప్రారంభించిన నెహ్రూ గారు తన్ను కూడ విడువవలదని వారిని కోరుట ప్రసిద్ధమే. ప్రధానమంత్రి అంతవాడు తనపై నవ్వును తానే ఆహ్వానించుట పెద్ద విషయము. ఆ పత్రిక 1975లో ఆగిపోయెను. పిల్లల చిత్రలేఖన పోటీలు పెట్టుచు, హంగరీ రాయబారి ఇచ్చిన ఒక బొమ్మపై మనసుపడి, దేశదేశముల బొమ్మలను సేకరించి, వారు 1965లో బహదుర్షా జఫర్ మార్గమున బొమ్మల ప్రదర్శనశాల స్థాపించిరి. సుమారు 85 దేశముల బొమ్మలు, ఆరువేలకు పైగా, అచ్చట కలవు. పెద్దలను చూచి నవ్విన ఆ చేయియే పిల్లలకు బొమ్మలను కూర్చిపెట్టెను. సెలవు దినమున పిల్లలను తీసికొనిపోవుడు.

ఇంతవరకు ఇతరుల గొప్పలు చెప్పితిని. ఇక నా తప్పు ఒకటి చెప్పవలెను. దానికే ఈ ఉపన్యాసము ఒప్పుకొంటిని.

మాకొక్కతే అమ్మాయి. ఆమెకును నా చేయియే వచ్చినది. రెండేండ్ల క్రిందట, ఆమె ఏడవ తరగతిలో ఉండగా, బడిలో ప్రదర్శనకు ఏదైన వస్తువు చేసి తెమ్మనిరి. ఇంటనున్న మా తాతగారి కాలపు కొండపల్లి ఏనుగును ఎదురుగా పెట్టుకొని, పాత వార్తాపత్రికలను నానబెట్టి గుజ్జు చేసి, ఎనిమిది దినములు కూర్చుండి ఒక ఏనుగును చేసినది. అవి పార్లమెంటు సమావేశముల దినములు. ప్రశ్నలకు జవాబులు తయారు చేసి నేను రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరెడివాడను. ప్రదర్శనకు ముందునాటి రాత్రి అమ్మాయి ఏనుగును తెచ్చి నా యెదుట బల్లమీద పెట్టినది. ముందరి కాలొకటి పొట్టి. చెవు లొకటి పెద్దది, ఒకటి చిన్నది. అలసటలో నుంటిని, నవ్వు వచ్చినది. "ఇది ఏనుగా, పందికొక్కా?" అంటిని. అని, ఆ రాత్రియే బజారునకు పోయి, చక్కని ఏనుగు నొకదానిని కొని తెచ్చితిని. బడిలో ఆ కొన్న ఏనుగును అందరు మెచ్చుకొనిరట. అమ్మాయి ఆ మాట చెప్పి, చెప్పులు విప్పి, లోపలికి పోయినది.

మరునాడు చెత్తబుట్టలో కాగితపు ఏనుగు కనబడినది. నేనది తీసి అటకమీద దాచితిని. కాని దాచవలసినది ఏనుగును కాదు. ఆ తరువాత తొమ్మిది నెలలు మా అమ్మాయి కుంచె పట్టలేదు, కత్తెర పట్టలేదు. "ఏదైన చేయమ్మా" అన్నచో, "కొనుక్కుందాంలే నాన్నా" అనెడిది. ఆ "కొనుక్కుందాం" అను మాట నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెడిది. మా నాయనగారు నా చేతిని తువ్వాలుతో కట్టిరి. నేను నా బిడ్డ చేతిని ఒక్క నవ్వుతో కట్టివేసితిని. తువ్వాలును విప్పవచ్చును, నవ్వును విప్పుట ఎట్లు?

నాకు తోచిన ఉపాయ మొక్కటియే. పోయిన సంక్రాంతికి ముందు, వరుసగా నాలుగు ఆదివారములు, ఒక పాత పండ్లపెట్టె చెక్కను తీసికొని, బహుకాలమునకు ఎడమచేత కత్తి పట్టి, ఆ ఏనుగునకు ఒక మావటివానిని చెక్కుటకు కూర్చుంటిని. మొదటి ఆదివారము వ్రేలు తెగినది. రెండవ ఆదివారము మావటి ముక్కు తెగినది. నాలుగవ ఆదివారమునకు తయారైన ఆ మూర్తి, టీ కొఱకు ఎదురుచూచి విసిగిపోయిన అండర్ సెక్రటరీ వలె నుండెను. నేను అండర్ సెక్రటరీనే కాబట్టి పోలిక నా దగ్గరనే దొరకినది. అమ్మాయి వచ్చి కొంతసేపు చూచి, "నాన్నా! మీ మావటి నా ఏనుగు కన్నా అధ్వాన్నం!" అని పకపక నవ్వినది. "అవునమ్మా, అధ్వాన్నమే. అయినా నాకు వీడే కావాలి" అంటిని. ఆమె కొంచెము సేపు ఊరకుండి, "నా ఏనుగు పారేశాను కదా" అన్నది. నేను అటక ఎక్కితిని.

అప్పుడు ఆమె చేసిన పని చూడుడు. బొమ్మల కొలువు మెట్లమీద ఏనుగు నిలువక, పొట్టికాలి వైపునకు ఒరిగిపోవుచున్నది. నేనైతే ఆ కాలి క్రింద అట్టముక్క పెట్టి లోపమును దాచెడివాడను. ఆమె ఆ పొట్టికాలిని పైమెట్టుమీద పెట్టినది. అంతే! ఏనుగు మెట్లెక్కుచున్నది! చూడవచ్చిన పిల్లలు అడిగినప్పుడు, "ఇది కొలువు చూడటానికి వచ్చింది, పైకి ఎక్కుతోంది" అని చెప్పినది. పొట్టికాలు పొట్టికాలుగానే ఉన్నది. దానికి తగిన మెట్టు దొరకినది. ఆత్మాంగీకారమను పెద్దమాటకు నాకు తెలిసిన వ్యాఖ్యానము ఇదియే.

ఆ సాయంకాలము పేరంటమునకు వచ్చినవారికి అమ్మాయి శనగలు, తాంబూలము ఇచ్చుచు, ఒక పెద్దముత్తైదువకు మరచి ఎడమచేత అందించినది. మా యింటావిడ గుండె గుభేలుమన్నది. ఆ పెద్దమ్మగారు ఒక క్షణము ఆగి, రెండు చేతులతో అందుకొని, "మా అన్నయ్యదీ పుర్రచెయ్యేనమ్మా. బడిలో కొట్టి మానిపించారు. ఎంత బాగా బొమ్మలు వేసేవాడో!" అనిరి. ఆ తరువాత ఆయన బొమ్మలు వేయలేదా అని మేము అడుగలేదు. వారును చెప్పలేదు.

సోదరులారా! ఇది మా యింటి గొడవ మాత్రమే కాదు. మన సంఘపు గొడవ కూడ. ఎట్లందురా? మన పిల్లలు ఇచ్చట పుట్టి పెరిగినవారు. బడిలో హిందీ, ఆంగ్లము. ఇంట తెలుగు. పిల్లవాడు "అమ్మా, నాకు ఆకలి తగిలింది" అనును. హిందీ పలుకుబడిని తెలుగులోనికి దింపినాడు. మనము ఏమి చేయుదుము? నవ్వుదుము. చుట్టములు వచ్చినప్పుడు వానిచేత మరల అనిపించి నవ్వుదుము. మూడవసారి వాడు హిందీలో అడుగును. నాలుగవసారి నుండి తెలుగు మాటాడడు. అటుపిమ్మట మనమే "పిల్లలకు తెలుగు రాదు" అని ఈ వేదికపై నుండి విచారింతుము.

మన హిందీ సంగతి మరచితిమా? మన భాషలో ఫైలు, కుర్చీ, రైలు అన్నియు ఒక్క లింగమే. ఇక్కడ వానిలో ఏది మగదో ఏది ఆడదో తెలియక, ఈ నగరమునకు వచ్చిన క్రొత్తలో నేను "ఫైల్ ఆగయా" అనగా విభాగమంతయు ఘొల్లున నవ్వెను. ఆ నవ్వుకు జడిసి రెండేండ్లు నేను హిందీలో నోరు విప్పలేదు. కడకు ఒకనాడు, "మా ఊరిలో ఫైళ్ళకు ఆడ మగ తేడా లేదండీ, అన్నియు నపుంసకములే, అందుకే ఏ పనియు పుట్టదు" అని నేనే నామీద పరిహాసమాడితిని. ఆనాటి నుండి వారు నన్ను తప్పులు దిద్దిరే గాని వెక్కిరింపలేదు. అదే నవ్వు. పరులది యైనప్పుడు నోరు మూసినది. నాది యైనప్పుడు నోరు తెరిపించినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. తన్ను తాను ఒప్పుకొనుటయన్న ఉన్నచోటనే కూలబడుట కాదు. మా అమ్మాయి ఈ ఏడు చేసిన ఏనుగునకు నాలుగు కాళ్ళును సమముగానే ఉన్నవి. వెలుపల ప్రదర్శనలో చూడుడు. పొట్టికాలి ఏనుగును ఒప్పుకొన్నది గనుకనే రెండవ ఏనుగును చేసినది. మొదటిదానితో సిగ్గుపడి ఉన్నచో రెండవది పుట్టనే పుట్టదు. ఆత్మనింద పనిని ఆపును. ఆత్మస్తుతి నేర్చుకొనుటను ఆపును. ఈ రెంటి నడుమ నడచునదే ఆత్మాంగీకారము. అట్లే, తన్ను చూచి తాను నవ్వుకొనుట మంచిదే గాని, పరులు నవ్వకముందే తన్ను తాను చిన్నబుచ్చుకొనుట నవ్వు కాదు, భయము. ఆ తేడా నవ్విన పిదప మన మనస్సు తేలికపడినదా, బరువెక్కినదా అను దానిని బట్టి తెలియును.

ఈ ప్రాతఃకాలమున మన స్త్రీలు పొగమంచులో, చలికి వ్రేళ్ళు కొంకర్లు పోవుచుండగా, ఈ మైదానమున ముగ్గులు పెట్టిరి. గొబ్బెమ్మలకు పేడ దొరకక మట్టిముద్దలతో సరిపెట్టిరి. ఇరువది యొక్క చుక్కల ముగ్గు రేపటికి కాళ్ళక్రింద చెరిగిపోవునని వారికి తెలియును. అయినను ఒక్క చుక్క తప్పినచో మొదటినుండి లెక్కించుకొనుచు, తమలో తాము నవ్వుకొనుచు పెట్టిరి. ప్రమోషను కొఱకు కాదు, ఎవరి ఆమోదము కొఱకును కాదు. దినమంతయు ఇతరుల సంతకముల కొఱకు ఎదురుచూచు ఉద్యోగులమైన మనము ఆ ముగ్గుల నుండి నేర్చుకొనవలసినది చాల ఉన్నది.

కార్యవర్గమునకు నాదొక విన్నపము. పోటీలు, బహుమతులు ఎప్పటివలె ఉండనిండు. ప్రదర్శనశాలలో ఒక చిన్న బల్లను మాత్రము, తీర్పరులు లేకుండ, మార్కులు లేకుండ, విడిగా ఉంచుడు. తిరుగబడిన అల్లిక, మాడిన అరిసె, వంకర బొమ్మ, తప్పుల తెలుగులో పిల్లవాడు వ్రాసిన నాలుగు పంక్తులు, ఏవైనను అచ్చట పెట్టవచ్చును. చేసినవారే ప్రక్కన నిలిచి తమ తప్పు కథను తామే చెప్పవలెను, వినువారు వారితో కూడ నవ్వవలెను. ఇదియే నిబంధన. మొదటి వస్తువుగా నా మావటివానిని అర్పించుకొందును. ఏనుగును మా అమ్మాయి ఇయ్యనన్నది. అది ఆమెది.

కుడిచేతితో వ్రాసి, ఎడమచేతితో పట్టుకొని చదివిన ఈ ప్రసంగమును ఓపికతో విన్నందులకు రెండు చేతులతోను నమస్కరించుచు సెలవు తీసికొనుచున్నాను.